కల్లపు కావలి కుక్కకు నీడ: విస్తరణ సలహాలలో చేరవలసిన అంశం

పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతపు మిర్చి కల్లాలలో రైతుతోపాటు వేసవి ఎండను భరిస్తూ కావలి కాసే ప్రాణి కుక్క. ఆరబెట్టే పట్టాల గురించి విపులంగా సూచనలిచ్చే మనం దాని నివాసాన్ని అరుదుగా ప్రస్తావిస్తాము.

కుక్కకు చెమట ప్రధానంగా పాదాలలోనే పడుతుంది. వగర్చడం ద్వారానే అది దేహతాపాన్ని తగ్గించుకుంటుంది. కనుక 40 డిగ్రీలు దాటిన ఎండలో రేకుల గూడు దానికి ప్రాణాంతకం కాగలదు. వేపచెట్టు నీడన, అడుగు ఎత్తు అరుగుపై, తాటాకు కప్పుతో, గాలి ఆడే తడికలతో గూడు నిర్మించాలి. పడమటి ఎండ సోకకుండా ద్వారం ఉత్తరానికి ఉండాలి. పెద్ద జాతి కుక్క తల వంచకుండా నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాచి పడుకోగలిగేటంత చోటు అవసరం. గోడలకు పత్తి కట్టె వాడరాదు. అందులో మిగిలిన ఎండుకాయలలో గులాబీ రంగు పురుగు దాగి తదుపరి పంటను ఆశిస్తుంది. పురుగుమందుల ఖాళీ డబ్బాలలో తాగునీరు పోయరాదు. మట్టి తొట్టి శ్రేయస్కరం.

పొట్టి గొలుసుతో అనుచితంగా ఎక్కువసేపు కట్టివేయడం, యజమాని నీరు, నీడ కల్పించకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. చట్టం తెలియజేయడంతో మన బాధ్యత తీరదు. రైతుకు ఇచ్చే కల్లం నమూనా పటంలోనే కుక్కగూటికి స్థానం చూపాలని నా అభిప్రాయం.