గోడ వద్దంటే తాడు చూపాలి

బళ్లారి వైపు మన తెలుగు బడుల్లో పిల్లలు జట్టుగా పిట్టగోడలెక్కితే "దొమ్మరాటలా?" అని గద్దించడం మామూలే. గద్దింపు న్యాయమే, మేడ మీంచి జారితే స్నేహితులెవరూ పట్టలేరు. కానీ ఆ మాట తిట్టు కారాదు. గడ ఎక్కి, తాడుపై నడిచే దొమ్మరులది తరతరాల విద్య.

అమెరికాలో యోసెమిటీ కొండలెక్కేవాళ్లు చెట్ల మధ్య నైలాన్ పట్టీ కట్టి నడవడంతో పెరిగిన ఆటే స్లాక్‌లైన్. కాలు పెడితే ఊగుతుంది, మనసు నిలపాలి. గోడలెక్కడం 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో పోటీగా చేరింది. మనకు హంపి బండలు దగ్గరే.

బడి ఆవరణలో రెండు గట్టి చెట్ల మధ్య మోకాలెత్తున పట్టీ కడదాం. కింద ఇసుక, పక్కన చెయ్యందించే నేస్తం, ఎదురుగా మాస్టారు ఉండాలి. అప్పుడే "మేడ ఎక్కొద్దు" అన్న మాటకు విలువ.