జిన్నా పద్దు మా ఖాతాలో ఎందుకు?

జిన్నా మాకేమవుతాడు? ఈ ప్రశ్న మేం వేసుకున్నది కాదు. బుద్ధెరిగిన నాటి నుంచీ మాకు వేస్తున్నది. బళ్లో వేశారు, ఆఫీసులో వేశారు. కిరాయి ఇంటికి పోతే నోటితో కాకుండా చూపుతో వేశారు. మేం జవాబు చెప్పేలోగా జవాబు కూడా వాళ్లే చెప్పేసుకున్నారు. ‘మీ జిన్నా’ అన్నారు.

2005 జూన్‌లో ఎల్.కె. అద్వానీ కరాచీ పోయి జిన్నాను మెచ్చుకున్నాడు. మేం పనిచేసే తెలుగు పత్రిక డెస్కులో ఆ రాత్రి ఏజెన్సీ కాపీ తెచ్చి మా బల్ల మీద పెట్టారు. ‘మీ జిన్నా గురించి భాయ్, మీరైతేనే బాగా రాస్తారు’ అన్నారు, నవ్వుతూనే. మెచ్చుకున్నది అద్వానీ. ఆయన మీద విరుచుకుపడింది ఆయన సొంత పరివారం. ఆ గొడవలో మా ప్రమేయం ఏమీ లేదు. అయినా జిన్నా మావాడయ్యాడు. మేం వార్త రాసిచ్చాం. ఆ నవ్వుకు మాత్రం ఇవాళ్టి దాకా బదులివ్వలేదు. ఇప్పుడిస్తున్నాం.

ముందు జిన్నా ఎవరో చూద్దాం. ఆయన్ను రాక్షసుణ్ణి చేసినవాళ్లూ, ఖాయిదే ఆజం అని కళ్లకద్దుకున్నవాళ్లూ ఇద్దరూ దాచే సంగతులున్నాయి. 1876లో కరాచీలో ఖోజా వ్యాపారి ఇంట పుట్టాడు. లండన్‌లో బారిస్టరయ్యాడు. ముస్లిం లీగులో చేరింది 1913లో. అంతకు ఏళ్ల ముందే ఆయన కాంగ్రెస్ మనిషి, దాదాభాయి నౌరోజీ శిష్యుడు. 1916లో తిలక్ మీద పెట్టిన రాజద్రోహం కేసును బొంబాయి హైకోర్టులో వాదించి గెలిచాడు. అదే ఏడాది కాంగ్రెసుకూ లీగుకూ లక్నో ఒప్పందం కుదిర్చాడు. ఆయన ప్రసంగాలను ఐక్యతా రాయబారి అన్న పేరుతో పుస్తకంగా 1918లో తెచ్చింది ఎవరో కాదు, మన హైదరాబాద్ ఆడబిడ్డ సరోజినీ నాయుడు.

ఆ మనిషి 1920లో నాగపూర్ కాంగ్రెస్‌లో ఒంటరివాడై బయటికొచ్చాడు. 1940 మార్చిలో లాహోరులో నిలబడి హిందువులూ ముస్లింలూ రెండు వేర్వేరు జాతులన్నాడు. నడిమధ్య ఇరవై ఏళ్లలో ఎవరెవరు ఎంతెంత తప్పు చేశారన్నది చరిత్రకారులు తేల్చుకోనీ. ముస్లిం మైనారిటీల హక్కుల కోసం మొదలైన వాదన ముస్లిం మైనారిటీలను నడివీధిలో వదిలేసి ముగిసింది. మాకు కావలసిన ముక్క అది. ముస్లింలు ఎక్కువున్న చోట ఆయన దేశం కట్టాడు. తక్కువున్న చోట మేం మిగిలాం. 1951 జనగణన నాటికి ఈ దేశంలో మూడున్నర కోట్ల మంది ముస్లింలున్నారు. పొమ్మన్నా పోనివాళ్లు వీళ్లు. ఈ నేలను ఎంచుకున్నవాళ్లు. మీరు ఇక్కడ పుట్టి ఉండిపోయారు. మేం ఇంకో దారి ఉందని తెలిసి కూడా ఉండిపోయాం. దేశభక్తికి సుబూత్ ఎవరు ఎవరినడగాలి?

‘ఓట్లేసింది మీరే కదా’ అంటారు. సరే, ఆ లెక్కా తీద్దాం. 1945 చివర్లో కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో 30 ముస్లిం స్థానాలూ లీగువే. కోస్తా, సీమల్లో ఓటున్న ముస్లింలు లీగు వైపు మొగ్గారు, కాదనం. కానీ ఓటు ఎవరికుంది? ఆస్తికుంది, పన్నుకుంది, చదువుకుంది. దూదేకే సాయిబుకు లేదు. గాజులమ్మే బీబీకి లేదు. ఇక మా జహీరాబాద్ సంగతి. ఇవాళ ఇది సంగారెడ్డి జిల్లా. 1956 దాకా బీదర్ జిల్లాలో తాలూకా, నిజాం రాజ్యం. బ్రిటిష్ ఇండియాలో జరిగిన ఆ ఎన్నికల్లో సంస్థానాల ప్రజలకు ఓటే లేదు. మా తాతలు జిన్నాకు ఓటెయ్యలేదు. ఎయ్యడానికి చీటీ కూడా వాళ్ల చేతికి రాలేదు.

వ్యతిరేకించిన ముస్లింలు లేరా? 1940 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆజాద్ ముస్లిం కాన్ఫరెన్సు నడిపిన సింధు ప్రధాని అల్లాబక్ష్‌ను 1943లో కాల్చి చంపారు. నేతపని మోమిన్లు లీగును నవాబుల పార్టీ అన్నారు. మౌలానా ఆజాద్‌ను జిన్నా కాంగ్రెస్ ప్రదర్శన బొమ్మ అని ఎగతాళి చేశాడు. మా వృత్తివాడు షోయబుల్లాఖాన్‌ను తలుచుకోకుండా ఎట్లా? ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని ఉర్దూలో రాశాడు. 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన చెయ్యి నరికి చంపారు. మీ పిల్లల పాఠంలో ఖాసిం రజ్వీ ఉన్నంతగా షోయబ్ ఎందుకు లేడు?

ఇక 1948 సెప్టెంబరు. తేదీలు వరసగా పెట్టి చూడండి. 11న కరాచీలో జిన్నా కన్నుమూశాడు. 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో అడుగుపెట్టింది. 16న షోలాపూర్ రోడ్డున వచ్చిన దళం మా జహీరాబాద్ దాటింది. 17న నిజాం లొంగిపోయాడు. జిన్నా పోయిన వారం తిరక్కముందే మా మీద బిల్లు పడింది.

రజాకార్లు చేసిన ఘోరాలను మేం దాచం. భైరాన్‌పల్లి నెత్తురు మాకూ తెలుసు. కానీ వాళ్ల పాపానికి శిక్ష ఎవరికి పడింది? నెహ్రూ ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ చలికాలం ఊళ్లు తిరిగింది. తక్కువలో తక్కువ లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవని చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్, మా బీదర్. ఆ నివేదిక జనం చేతికి అందింది 2013లో. అరవై అయిదేళ్లు పెట్టెలో పెట్టారు. మా ఇళ్లల్లో దాదీ నానీలకు నివేదిక అక్కర్లేదు. ‘గడ్‌బడ్ ముందు, గడ్‌బడ్ తర్వాత’ అని రెండు ముక్కలుగా కాలం చెప్పేవాళ్లు. నడుమ ఏం జరిగిందని అడిగితే పాన్‌దాన్ మూసేవాళ్లు.

మరి నాయకులు? నిజాం ప్రధాని లాయక్ అలీ 1950లో నిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై కరాచీ పోయాడు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. చచ్చింది రైతుకూలీ సాయిబు, టాంగా సాయిబు, మగ్గం సాయిబు. వాళ్ల బీబీలు.

అదే నివేదికలో ఇంకో మాటుంది. చాలాచోట్ల హిందువులు తమ పక్కింటి ముస్లింలను కాపాడారనీ, ముఖ్యంగా హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్ల కోసం ప్రాణాలకు తెగించారనీ. లాహోరు పందిట్లో బారిస్టరు చెప్పిన రెండు జాతుల సిద్ధాంతానికి మగ్గం దగ్గర దొరికిన జవాబు అది. మతం రెండైనా వాళ్ల గుంటలు ఒకటే, దారం ఒకటే, షావుకారు బాకీ ఒకటే.

మాకు జిన్నా చేసిన ఇంకో అన్యాయం ఉంది. దాన్ని ఉర్దూలో తెలుగులో రెండింట్లో రాసి బతికే మాలాంటివాళ్లే చెప్పాలి. 1948 మార్చిలో ఆయన ఢాకాలో బెంగాలీల ముందు నిలబడి, పాకిస్తాన్‌కు ఉర్దూ ఒక్కటే రాజభాష అన్నాడు. ఆ మాట అన్నది ఇంగ్లీషులో! ఇంటి భాష గుజరాతీ. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ కోసం ఢాకా విద్యార్థులు తూటాలకు బలయ్యారు. 1971లో దేశమే రెండయింది. మతమే జాతి అన్న మాట అక్కడే, ఆయన కట్టిన ఇంట్లోనే కూలింది. కానీ అటు ఆయన ఉర్దూకు కట్టిన పాకిస్తాన్ బిళ్లను ఇటు మీరు విప్పలేదు. ఉర్దూ మీడియంగా పుట్టిన ఉస్మానియా 1948 తర్వాత ఇంగ్లీషుకు మారింది. ఉర్దూ బోర్డు కనిపిస్తే ఇవాళ్టికీ ‘ఇదేం పాకిస్తానా’ అంటారు. మా జహీరాబాద్ సంతకొచ్చి వినండి. తెలుగు, కన్నడం, మరాఠీ కలిసి నానిన దక్కనీ మాది. మరాఠీ నుంచి ‘నక్కో’ తీసుకున్నాం. అది లాహోరువాడికీ కరాచీవాడికీ నవ్వులాట. ఈ భాషకు ఈ మట్టిలో తప్ప ఇంకెక్కడా ఇల్లు లేదు.

ఇంతకీ జిన్నాను ఇక్కడ బతికిస్తున్నది ఎవరు? మేమా? 1937లో అహ్మదాబాద్ హిందూ మహాసభలో, అంటే లాహోరుకు మూడేళ్ల ముందే, ఈ దేశంలో రెండు జాతులున్నాయన్నది సావర్కర్. జిన్నా మాట జిన్నాదైతే పాపం, సావర్కర్‌దైతే జాతీయవాదమా? గుంటూరు చూడండి. స్వాతంత్ర్యానికి ముందు నుంచీ అక్కడ జిన్నా టవర్ ఉంది. దాని కింద పూలమ్మారు, ఆటోలు నిలబెట్టారు, ఎవరూ పాకిస్తాన్ పోలేదు. హఠాత్తుగా 2022లో పేరు మార్చాలన్నారు, కూలుస్తామన్నారు. ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు పూశారు. దగ్గరుండి పూయించింది ముస్లిం ఎమ్మెల్యే. ఆయన్ని మేం తప్పుపట్టం. ఆయన భయం మాకు తెలుసు. గోడ కూడా దేశభక్తి రుజువు చేసుకోవాల్సిన రోజులివి. మనుషుల మాట చెప్పేదేముంది?

మావాళ్లకూ ఒక మాట. షేర్వానీల జ్ఞాపకాల్లో, ముషాయిరాల చప్పట్లలో, ‘మన హుకూమత్ ఉండేది’ అని నిట్టూర్చే పెద్దలకు. ఏ హుకూమత్ జనాబ్? జాగీర్దారుదా? అందులో హజాంకు, కసాబుకు, ఫకీరుకు వాటా ఎంత? జిన్నాకు లీగు నవాబులు ‘ఖౌమ్’ అని చెప్పినప్పుడు అందులో మేం లేం. లెక్క చెల్లించేటప్పుడు మాత్రం ఖౌమ్ అంటే మేమే అయ్యాం.

ఆఖరుగా ఒక ప్రభుత్వ కాగితం చదవండి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి వెనుకబడిన ముస్లిం కులాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. తురక చాకలి, హజాం, ఖురేషీ, ఫకీరు, గారడీ, ఎలుగుబంట్లు ఆడించేవాళ్లు, షేకులు అందులో ఉన్నారు. అంతకు ముందు ఏడాదే సచార్ కమిటీ ఐ.ఎ.ఎస్.లలో ముస్లింలు 3 శాతమని తేల్చింది. ఆ 4 శాతం కోసం నోరు తెరిస్తే ‘మత రిజర్వేషన్లు, మరో విభజన, మరో జిన్నా’ అని గొంతు చించుకున్నారు. అదే చట్టంలో ఎవరికి రిజర్వేషన్ లేదో కూడా రాసి ఉంది. సయ్యద్, మొఘల్, పఠాన్, బోహ్రా, వాటి పక్కనే ఖోజా. అంటే జిన్నా ఇవాళ మా జహీరాబాద్‌లో పుట్టినా ఆయనకు ఆ సర్టిఫికెట్ రాదు.

మేం అడుగుతున్నది ఆయన పేరు మీద కాదు. మంగలి కత్తి పేరు మీద, చాకిరేవు పేరు మీద. జిన్నా పద్దు కరాచీ ఖాతాలో రాసుకోండి, లేదా అప్పటి కాంగ్రెస్, లీగు, మహాసభల ఉమ్మడి ఖాతాలో రాసుకోండి. మా ఖాతాలోంచి కొట్టెయ్యండి. కొట్టేశాక కూర్చుందాం. 1948లో మా బీదర్ ఊళ్లకు మీరు బాకీపడ్డదెంతో అప్పుడు మాట్లాడుకుందాం.