ఈత రాకుండా మాంటాల దగ్గరికి పోవద్దు

శ్రావణం ముహూర్తాలకు ఫంక్షన్ హాళ్లు ఎప్పుడో బుక్కయిపోయాయి. ఇప్పుడు బుక్కవుతున్నవి పెళ్లి తర్వాతి ప్రయాణాలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో ఒకప్పుడు హనీమూన్ అంటే ఊటీ, కొడైకెనాల్. ఇప్పుడు మాల్దీవులు, బాలి, ఫుకెట్. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న అన్న తమ్ముడి పెళ్లికి కానుకగా టికెట్లు పంపుతున్నాడు. ఫోన్లలో తిరిగే ప్యాకేజీ పోస్టర్ల మీద పెద్ద రెక్కల నల్లటి చేప, దాని పక్కన నవ్వుతూ ఓ జంట, కింద ‘మాంటాలతో స్నార్కెలింగ్’. ఏజెంటును అడిగితే వచ్చే జవాబు ఒకటే: ‘ఈత రాకున్నా ఏం గాదన్నా, జాకెట్ ఇస్తరు.’ ఆ మాట నమ్మి సముద్రంలో దిగొద్దు. నిజానికి శ్రావణంలో అసలే దిగొద్దు.

చేపతో భయమేమీ లేదు. మన కోస్తా జాలర్లు టేకు అని పిలిచే చేపలకు మాంటా దగ్గరి చుట్టమే గాని, టేకు తోకకు ఉండే విషపు ముల్లు దీనికి లేదు. 2006లో ఆస్ట్రేలియా టీవీ ప్రముఖుడు స్టీవ్ ఇర్విన్ ప్రాణం తీసింది ముల్లున్న టేకు, మాంటా కాదు. పగడపు దిబ్బల దగ్గర తిరిగే మాంటా రెక్కల వెడల్పు మూడు నాలుగు మీటర్లు, నడి సముద్రపు రకానిది ఏడు మీటర్ల దాకా. అంత ఒళ్లూ పెంచేది కంటికి ఆనీ ఆనని ప్లవకాలే. నోరు తెరిచి నీళ్లు వడకట్టుకుంటూ తన దారిన తాను పోతుంది. ఏడాదికి పైగా మోసి ఒక్క పిల్లను కంటుంది, మళ్లీ కొన్నేండ్ల దాకా ఇంకో కాన్పు ఉండదు. అందుకే ముట్టుకోవద్దని, వెంటపడొద్దని, కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలని నియమం. ఫొటో కోసం దాని వీపు మీద చెయ్యి వేసేవాళ్లకు మా సానుభూతి లేదు.

ప్రమాదమల్లా నీళ్లతోనే, అందులోనూ కాలంతో. మాంటాల కోసం ప్రపంచం ఎగబడే చోటు మాల్దీవుల్లో పగడపు దీవుల వలయమైన బా అటోల్‌లో ఉన్న హనీఫారు అనే చిన్న ఉప్పుకయ్య. 2011లో యునెస్కో ఆ అటోల్ మొత్తాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించింది. నైరుతి రుతుపవనాల్లో, అంటే జూన్ నుంచి నవంబరు దాకా, ప్రవాహాలు ప్లవకాలను మోసుకొస్తాయి. పోటు వేళ అవి ఆ కయ్యలో చిక్కుకుంటాయి. వాటి కోసం మాంటాలు పదుల్లో, కలిసొచ్చిన రోజున వంద దాకా చేరతాయి. మన ఊళ్లో వరి నాట్లు పడే ఆ వానలే అక్కడ మాంటాల విందు.

ఇప్పుడు వీటన్నిటినీ కలిపి చూడండి. మాంటాలు ఎక్కువగా వచ్చేది గాలివాన కాలంలో. నీళ్లు ప్లవకాలతో మసకబారినప్పుడే అవి వస్తాయి కాబట్టి కొన్ని మీటర్ల అవతల గైడ్ కూడా సరిగా కనబడడు. ఆటుపోట్లు మారే వేళ ప్రవాహం లాగుతుంది. హనీఫారులో 2012 నుంచి సిలిండర్ కట్టుకుని లోతుకు దిగే స్కూబా నిషిద్ధం, ముక్కు మీద మాస్కు, నోట్లో గొట్టంతో పైన తేలుతూ చూడటమే. ఒక్కో బృందానికి 45 నిమిషాలు. ‘స్కూబా లేదు, ఉత్త స్నార్కెలింగే’ అనగానే మనవాళ్లకు అది పిల్లల ఆటలా వినిపిస్తుంది. ఆషాఢం దాటగానే పెళ్లయిన జంట వెళ్లేది సరిగ్గా ఈ నెలల్లోనే.

స్నార్కెలింగ్‌లో మనిషి ఎలా పోతాడో తెలిస్తే ‘ఉత్త స్నార్కెలింగే’ అన్న మాట అంత తేలిగ్గా రాదు. మునిగిపోయేవాడు కేకలు వేస్తాడు, చేతులు కొట్టుకుంటాడు అనేది సినిమా. ఇక్కడ మనిషి బోర్లా తేలుతూనే ఉంటాడు, చూసేవాళ్లకు అడుగున చేపల్ని చూస్తున్నట్టే ఉంటుంది. గొట్టంలోకి అల కొట్టి ఉప్పునీళ్లు గొంతులో పడితే, ఈత వచ్చినవాడు తల పైకెత్తి ఊదేస్తాడు. రానివాడు గొట్టం పీకేసి, మాస్కు తీసేసి, కాళ్లకు నేల దొరుకుతుందేమోనని నిట్టనిలువుగా తన్నుకుంటాడు. నేల ఉండదు. ఇది ఒక రకం. రెండోది ఇంకా నిశ్శబ్దం. హవాయిలో స్నార్కెల్ మరణాల మీద జరిపిన అధ్యయనం 2021లో తేల్చిందేమిటంటే, గొట్టంలోంచి ఊపిరి లాగడానికి కష్టపడేకొద్దీ ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరి, ఒక్క గుక్క సముద్రపు నీళ్లు మింగకుండానే మనిషి స్పృహ తప్పవచ్చని. గుండె జబ్బున్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. ఆయాసం అనిపించిన మరుక్షణం గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యి ఎత్తాలి. అలల మీద వెల్లకిలా తేలడం రానివాడు ఇది ఎట్లా చేస్తాడు? లైఫ్ జాకెట్ మనిషిని తేలుస్తుంది, ప్రవాహం లాక్కుపోతుంటే ఆపదు.

‘మాకు ఈత రాకపోవుడేంది, చిన్నప్పుడు బాయిలనే నేర్చుకున్నం’ అనేవాళ్లు ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల చాలామంది. నిజమే, నడుముకు బెండు కట్టుకుని వ్యవసాయ బావుల్లో నేర్చుకున్న ఈత గట్టిదే. కాని బావికి గోడ ఉంటుంది, అల ఉండదు. బావి ఈత నేర్పిన ఒక అలవాటు స్కూబాలో ప్రాణం తీస్తుంది: ఊపిరి బిగబట్టడం. పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెండింతలు. సిలిండర్ గాలి ఆ ఒత్తిడికి తగ్గట్టే ఊపిరితిత్తుల్లో నిండుతుంది. భయపడి ఊపిరి బిగబట్టి బావిలోంచి లేచినట్టు పైకి లేస్తే, ఆ గాలి రెండింతలై ఊపిరితిత్తుల్ని చీలుస్తుంది, బుడగలు నెత్తుట్లో కలిసి మెదడుకు చేరతాయి. ఇందుకు పెద్ద లోతు అక్కర్లేదు, రెండు మూడు మీటర్లయినా చాలు. ఎంత భయమేసినా ఊపిరి వదులుతూనే, మెల్లగానే పైకి రావాలి. ఇంకోటి, బొటనవేలు పైకెత్తితే నీళ్లలో ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. ఫొటోల అలవాటుతో బొటనవేలు ఊపి, గైడ్ ఎందుకు పైకి లాక్కొచ్చాడని కోపం తెచ్చుకునేవాళ్లున్నారు.

ఫుకెట్ సంగతి మరీ విచిత్రం. మాంటాలు కనబడే కో బాన్ దీవి సిమిలాన్ జాతీయ పార్కులోనిది. ఆ పార్కును ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు, కారణం వానాకాలపు సముద్రమే. శ్రావణంలో ఫుకెట్ ప్యాకేజీ మీద మాంటా బొమ్మ ఉంటే అమ్మేవాడికి ఏమీ తెలియదన్నా అనుకోవాలి, తెలిసే మోసం చేస్తున్నాడన్నా అనుకోవాలి. 2018 జూలై 5న అదే ఫుకెట్ దగ్గర ఫీనిక్స్ అనే పర్యాటక పడవ తుపాను గాలికి మునిగి 47 మంది చైనా యాత్రికులు చనిపోయారు. బాలికి పోయేవాళ్లను నుసా పెనీడా దీవికి తీసుకుపోతారు. అక్కడి మాంటా పాయింట్ నిటారు కొండ కింద ఉంటుంది. దక్షిణ మహాసముద్రం నుంచి నేరుగా వచ్చే అలలు ఆ కొండను కొట్టి వెనక్కి తిరుగుతాయి.

మనవాళ్లు తెలియని నీళ్లకు బలికావడం కొత్త కాదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది బండల మీద ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు, పైనున్న లార్జీ డ్యాం గేట్లు ఎత్తడంతో కొట్టుకుపోయారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు పోయారు. అంత దూరం ఎందుకు, 2021 నవంబరులో సిరిసిల్ల దగ్గర మానేరు చెక్‌డ్యాంలో ఈతకు దిగి మునిగిపోయిన బడిపిల్లలను ఆ ఊరు ఇంకా మరవలేదు. పరాయి దేశం నుంచి శవపేటిక రావాలంటే ఎన్ని కాగితాలు కావాలో, ఎన్ని రోజులు ఎదురుచూడాలో గల్ఫ్ కుటుంబాలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గల్ఫ్ ఏజెంటును లైసెన్సు నంబరు అడగాలని ఇక్కడివాళ్లు దెబ్బలు తిని నేర్చుకున్నారు. టూరు ఏజెంటును అడగాల్సినవీ ఉన్నాయి. గైడ్ పడవలో కూర్చుంటాడా, మాతోపాటు నీళ్లలో దిగుతాడా? ఒక్కో గైడ్ వెంట ఎంతమంది? పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా? బీమాలో నీటి క్రీడలు ఉన్నాయా, లేక ఆ ఒక్కటే మినహాయించారా? జవాబు తడబడితే అడ్వాన్సు ఇవ్వకండి.

మాంటాలను చూడాలన్న కోరిక తప్పు కాదు. మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లవాళ్లకు అది సులువు కూడా. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మాల్దీవుల సముద్రం నెమ్మదిస్తుంది, గాలి మారి మాంటాలు అటోల్‌ల పడమటి అంచులకు చేరతాయి. ఈలోగా అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ ఈత నేర్చుకోవచ్చు. ఇద్దరూ అని ఎందుకు అంటున్నామంటే, మన దగ్గర ఈత మగపిల్లల వ్యవహారం, బావి గట్టు మీద ఆడపిల్లకు చోటు లేదు. పెళ్లయ్యాక సముద్రంలోకి మాత్రం ఆమెనే చెయ్యి పట్టుకుని దింపుతారు. స్కూబా మోజు ఉంటే మొదటిసారి విశాఖ రుషికొండలో దిగండి. అక్కడ నేర్పేవాళ్లు తెలుగులోనే చెబుతారు, ప్రాణాలకు సంబంధించిన సూచనలు సగం అర్థమయ్యే ఇంగ్లిష్‌లో వినడం కంటే అది ఎంతో నయం.

దిగే ముందు ఒక ఆరోగ్య ఫారం ఇస్తారు. బీపీ, షుగర్, గుండె, ఆస్తమా, ఫిట్స్, గర్భం: ఒక్కోదానికి ఎదురుగా అవును, కాదు. అన్నిటికీ ‘కాదు’ టిక్కు పెట్టి సంతకం చేయడం మనవాళ్ల అలవాటు. సాంచాల (మరమగ్గాల) దుమ్ములో ఏండ్లు గడిపి చలికాలం పిల్లికూతలు వచ్చే సిరిసిల్ల మనిషి ఆస్తమా గడిలో ‘కాదు’ అని పెడితే మోసపోయేది గైడ్ కాదు. ఇక్కడి డాక్టరుకు ముందే చూపించుకుని, ఆయన వద్దంటే పడవలోనే కూర్చోండి. మాంటాలు చాలాసార్లు పైపైనే మేస్తాయి, పడవ అంచు నుంచీ కనబడతాయి.

చివరగా తిరుగు విమానం. స్కూబా చేసినవాళ్లు కనీసం 18 గంటలు, వీలైతే పూర్తి రోజు విమానం ఎక్కొద్దు. లోతులో నెత్తుట్లో కరిగిన నైట్రోజన్, విమానంలో ఒత్తిడి తగ్గగానే బుడగలుగా మారుతుంది. కాబట్టి ఆఖరి రోజు డైవ్ పెట్టే ప్యాకేజీని మార్పించుకోండి. ఇంటికి చేరాక కీళ్లు పట్టేసినా, చేతులు తిమ్మిరెక్కినా, తల తిరిగినా జగిత్యాలలో అది చికున్‌గున్యాలా కనబడవచ్చు. డాక్టరు అడగకముందే ‘సముద్రంలో డైవింగ్ చేసి వచ్చినం’ అని చెప్పండి.