మొదటివాడు వచ్చాడు... రెండోవాడికి అరవై ఎనిమిదేళ్లు!

అది 1920. అమెరికాలోని ఓహైయో రాష్ట్రంలో టైర్ల తయారీకి పేరుపడ్డ ఏక్రన్ పట్టణం. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు మ్యాచ్ ఉంది. ఆటగాళ్లంతా ఒకచోట దుస్తులు మార్చుకుంటున్నారు, ఒక్కడు తప్ప. అతను మాత్రం చుట్టల వ్యాపారం చేసే జట్టు యజమాని దగ్గర బట్టలు మార్చుకుని, కారు కోసం ఎదురు చూస్తున్నాడు. ఆట మొదలయ్యే వేళకు ఆ కారు అతన్ని తిన్నగా మైదానానికి చేరుస్తుంది. ముందే వెళితే గొడవలవుతాయని యజమాని భయం!

కారు దిగగానే జనం అరుపులు, బూతులు. ఇంతకీ అతను అవతలి జట్టువాడా అంటే... కాదు. సొంత జట్టులో అందరికంటే బాగా ఆడేవాడు. అతను చేసిన తప్పల్లా నల్లవాడిగా పుట్టడమే.

అతని పేరు ఫ్రిట్జ్ పోలార్డ్.

* * *

అమెరికన్ ఫుట్‌బాల్‌కీ మనకు తెలిసిన ఫుట్‌బాల్‌కీ పోలిక తక్కువ. ఇందులో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, లేదా తోటివాడికి విసరాలి. కబడ్డీలో కూతకొచ్చినవాడిని పట్టేసినట్టు, ఎదుటి జట్టులోని పదకొండు మందీ బంతి ఉన్నవాడి మీద పడి నేలకూల్చాలని చూస్తారు. అందుకే ఈ ఆటలో భారీకాయులదే రాజ్యం. పోలార్డ్ ఎత్తు చూస్తే అయిదడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు 75 కిలోలు. అయితేనేం... పాదరసంలా జారిపోయేవాడు. దొరికి కిందపడితే మరో ఉపాయం. వెంటనే వెల్లకిలా తిరిగి, సైకిల్ తొక్కుతున్నట్టు కాళ్లు గాల్లో ఆడించేవాడు. దాంతో పైనపడి కసి తీర్చుకోవాలనుకునేవాళ్లు వెనక్కి తగ్గేవాళ్లు.

ఆ ఉపాయం ఇంట్లో నేర్చుకున్నదే. పోలార్డ్ 1894 జనవరి 27న షికాగోలో పుట్టాడు. తండ్రి క్షౌరశాల నడిపేవాడు, తల్లి బట్టలు కుట్టేది. ఎనిమిది మంది పిల్లల్లో అతను ఏడోవాడు. బానిసత్వం మీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పేరునే కొడుక్కి పెట్టుకున్నారు. జర్మన్లు ఎక్కువగా ఉండే ఆ పేటలో ఇరుగుపొరుగువాళ్లు ముద్దుగా 'ఫ్రిట్జ్' అనేవాళ్లు. చివరికి అదే నిలిచిపోయింది. తెల్లవాళ్ల మధ్య ఆడాలంటే ఎలా కాచుకోవాలో, ఎక్కడ కోపాన్ని దిగమింగాలో అన్నలు దగ్గరుండి నేర్పారు.

1915లో బ్రౌన్ యూనివర్సిటీలో చేరాడు. తోటి విద్యార్థుల బట్టలు ఇస్త్రీ చేసి ఖర్చులకు సంపాదించుకునేవాడు. 1916 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడెనాలో జరిగిన 'రోజ్ బౌల్' మ్యాచ్‌లో ఆడి, ఆ పోటీలో పాల్గొన్న తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. అక్కడి హోటల్‌లో అతనికి గది ఇవ్వమన్నారు. 'అయితే మేమూ ఉండం' అని జట్టు పట్టుబట్టాకే గది దొరికింది. వానలో, బురదలో జరిగిన ఆ మ్యాచ్‌లో బ్రౌన్ 14-0తో ఓడింది. కానీ అదే ఏడాది నవంబరులో కసి తీరేలా ఆడింది. ఒక వారం యేల్‌ను, మరుసటి వారం హార్వర్డ్‌ను మట్టి కరిపించింది. ఆ రెండింటిలోనూ హీరో పోలార్డే!

* * *

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక, 1919లో ఏక్రన్ జట్టులో చేరాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో క్యాంటన్ పట్టణంలోని ఓ కార్ల షోరూమ్‌లో కొన్ని జట్ల యజమానులు సమావేశమయ్యారు. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీదే కూర్చున్నారు. ఇవాళ కోట్లాది డాలర్ల వ్యాపారమైన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అదే ఎన్ఎఫ్ఎల్, ఆ రోజు అలా పుట్టింది. తొలి ఏడాది విజేత ఏక్రన్. మొత్తం 11 మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలిచింది, మూడు డ్రా చేసుకుంది. ఒక్కటీ ఓడలేదు. బూతులు తిట్టిన నోళ్లే జేజేలు కొట్టాయి.

1921లో ఇంకో అద్భుతం. ఎల్జీ టోబిన్‌తో కలిసి జట్టుకు కోచ్‌గా ఉండే బాధ్యత పోలార్డ్‌కు దక్కింది. తెల్లవాళ్లతో కలిసి రైల్లో కూర్చోవడమే చాలాచోట్ల నేరమైన రోజుల్లో, ఓ నల్లవాడు తెల్ల ఆటగాళ్లకు ఆట నేర్పాడు! ఆ జట్టులోనే అతనితో పాటు ఆడినవాడు పాల్ రాబ్సన్. గాయకుడిగా ఆ తర్వాత ప్రపంచమంతా మారుమోగిన పేరు.

మిల్వాకీ, హామండ్, ప్రావిడెన్స్... జట్లు మారుతూ 1926 దాకా పోలార్డ్ లీగ్‌లో ఆడాడు. ఆ తర్వాత ఒక్కొక్కరుగా నల్లజాతి ఆటగాళ్లు తగ్గిపోయారు. 1933 సీజన్ ముగిసేసరికి లీగ్‌లో మిగిలింది ఇద్దరే. 1934 నుంచి ఒక్కరూ లేరు. ఎక్కడా రాతపూర్వకమైన నిషేధం లేదు, ప్రకటన లేదు. తలుపు మాత్రం మూసుకుంది. అది మళ్లీ తెరుచుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది.

పోలార్డ్ ఊరుకోలేదు. షికాగోలో నల్లవాళ్లతో ఓ జట్టు కట్టాడు. తర్వాత న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, బాక్సర్ జో లూయిస్ ముద్దుపేరు మీద 'బ్రౌన్ బాంబర్స్' అనే జట్టును 1935 నుంచి 1937 దాకా నడిపించాడు. 'మా వాళ్లూ ఆడగలరు, చూడండి' అని చూపించడానికే ఆ తపన. విచిత్రం ఏమిటంటే... 1936లో అతని కొడుకు ఫ్రిట్జ్ జూనియర్ బెర్లిన్ ఒలింపిక్స్‌లో 110 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యం గెలిచాడు. దేశం కోసం కొడుకు పతకం తెస్తే, అదే దేశంలో తండ్రి లాంటివాళ్లకు ఎన్ఎఫ్ఎల్‌లో చోటు లేదు!

బతుకుతెరువుకు పోలార్డ్ చేయని పని లేదు. పెట్టుబడుల సంస్థ పెట్టాడు, మాంద్యంలో అది మునిగింది. పత్రిక నడిపాడు. సినిమా తీశాడు. పన్నుల సలహాదారుగా పనిచేశాడు. కిందపడ్డ ప్రతిసారీ వెల్లకిలా తిరిగి కాళ్లాడించాడన్నమాట.

* * *

1981లో బ్రౌన్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1986 మే 11న, 92 ఏళ్ల వయసులో పోలార్డ్ కన్నుమూశాడు. మరో మూడేళ్లకు, 1989లో, లాస్ ఏంజెలిస్ రైడర్స్ జట్టు ఆర్ట్ షెల్‌ను హెడ్‌కోచ్‌గా నియమించింది. పోలార్డ్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న నల్లజాతీయుడు అతనే. ఏక్రన్ నుంచి లెక్కేస్తే మధ్యలో 68 ఏళ్లు! ఆ వార్త చూడ్డానికి పోలార్డ్ లేడు.

2003లో లీగ్ ఓ నియమం పెట్టింది. హెడ్‌కోచ్ ఖాళీ అయితే, మైనారిటీ వర్గాల నుంచి కనీసం ఒక్కరినైనా ఇంటర్వ్యూకి పిలవాలని. ఆ అవకాశాల కోసం గొంతెత్తే సంస్థ అదే ఏడాది ఏర్పడింది. దానికి పెట్టుకున్న పేరు 'ఫ్రిట్జ్ పోలార్డ్ అలయన్స్'.

2005 ఆగస్టులో క్యాంటన్‌లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పోలార్డ్‌కు చోటు దక్కింది. లీగ్ పుట్టిన ఊరే అది. చుట్టల వ్యాపారి దగ్గర బట్టలు మార్చుకున్న ఏక్రన్ అక్కడికి దగ్గర్లోనే. కారులో వెళితే గంట కూడా పట్టదు. పోలార్డ్ పేరు అక్కడికి చేరడానికి మాత్రం 85 ఏళ్లు పట్టింది.

'మొదటివాడు' అన్న మాట వినగానే మనం చప్పట్లు కొట్టేస్తాం. రెండోవాడు ఎప్పుడొచ్చాడని మాత్రం అడగం. అడగాల్సింది అదే!