తెలుపును తక్కువ చేసే చూపు

యథార్థ చిత్రణ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు దింపడమేననీ, అందులో సృజనకు తావులేదనీ ఒక అభిప్రాయం మన కళావిద్యాలయాలలోనూ, బహుమతుల నిర్ణాయక సంఘాలలోనూ పాతుకుపోయింది. ఇది ఎంత నిరాధారమో గ్రహించడానికి తైలవర్ణాలతో తెల్లని జంతువును చిత్రించే పని ఒక్కటి చాలు. దింపడానికి అక్కడ స్థిరంగా ఉన్నదేమిటి? ఎండలో నిలిచిన ఒంగోలు ఎద్దు పొట్ట అడుగున ఎర్రనేల ఛాయ పడుతుంది. వీపు అంచున ఆకాశపు నీలిమ తేలుతుంది. మూపురం బూడిదవన్నెకు తిరుగుతుంది. ట్యూబులోని తెలుపు వీటిలో దేనికీ సరిపోదు. ఎక్కడ ఎంత వెలుగో, ఎక్కడ ఏ ఛాయో చిత్రకారుడే నిర్ణయించాలి.

ఫ్రెంచి చిత్రకారుడు ఊద్రీ 1749లో పారిస్‌లోని రాజకీయ చిత్రకళా అకాడమీలో ప్రసంగిస్తూ తన గురువు లార్జిలియేర్ బోధనను స్మరించాడు. చిత్రించడానికి శిష్యుడు రంగురంగుల పూలు తెస్తే, అన్నీ తెల్లనివే తెమ్మని గురువు తిప్పి పంపాడట. ఒక తెలుపును మరొక తెలుపుతో పోల్చినప్పుడే దాని అసలు వన్నె కంటికి చిక్కుతుందన్నది ఆ పాఠం. 1753 నాటి ఊద్రీ చిత్రం ‘తెల్ల బాతు’ దీనికి సాక్ష్యం. బాతు ఈకలు, బల్లమీది వస్త్రం, వెండి దీపస్తంభం, మీగడ గిన్నె, వెనుక లేతవన్నె గోడ: అన్నీ తెలుపే, ఏ రెండూ ఒకటి కావు.

ఇది పరాయి విద్య అని తోసిపుచ్చేవారు రాజా రవివర్మను మరచిపోతున్నారు. మహాభారతం బంగారు వన్నెతో వర్ణించిన నలదమయంతుల హంసను ఆయన 1899 నాటి ‘హంస దమయంతి’లో తెల్లనిదిగా చిత్రించాడు. ఉన్నదాన్ని దింపడమే యథార్థ చిత్రణ అయితే ఈ తెలుపు ఎక్కడినుంచి వచ్చినట్టు?

ద్రవ్యజ్ఞానం కూడా ఇందులో భాగమే. సీసపు తెలుపు విషపదార్థమే అయినా, నూనెలో దృఢమైన పొరగా ఆరుతుంది గనుక శతాబ్దాలపాటు వాడుకలో నిలిచింది. జింకు తెలుపు పొర కాలక్రమేణ పెళుసెక్కి పగులుతుంది. 20వ శతాబ్దంలో వచ్చిన టైటానియం తెలుపు ఇతర వర్ణాలను సులభంగా కప్పివేస్తుంది. కొలత తప్పితే ఎద్దు సున్నపు బొమ్మగా మిగులుతుంది. ఈ భేదాలు తెలియని విద్యార్థికి పట్టా ఇచ్చి ఆధునికుడని పిలవడం విద్య అనిపించుకోదు.

నవీన ధోరణులకు ఎవరూ అడ్డు చెప్పనవసరం లేదు. కాని సహజకాంతిలో తెల్లని వస్తువునూ, తెల్లని జంతువునూ చూసి చిత్రించే అభ్యాసాన్ని పాఠ్యప్రణాళికలో తప్పనిసరి చేయాలి. ప్రభుత్వ ప్రదర్శనలలో అటువంటి కృషికి సమాన గౌరవం దక్కాలి. దాన్ని నకలుపని అని కొట్టివేసే నిర్ణేతలు ముందుగా ఒక తెల్లని ఎద్దును తేరిపార చూడాలి.