రేవులో పాటకు రేటెంత?

నవంబరు వచ్చేసరికి అట్లాంటిక్‌లో తుపానుల కాలం సద్దుమణుగుతుంది. అప్పటిదాకా కేనరీ దీవుల్లో కాచుకుని ఉన్న తెరచాప పడవలు ఈశాన్య పవనాలు అందుకుని దక్షిణానికి సాగుతాయి. సుమారు 850 నాటికల్ మైళ్లు, వారం రోజుల దారి. ఆ తర్వాత కేప్‌వెర్డీలోని సావ్ విసెంట్ దీవి, దాని రేవు పట్టణం మిండేలో వస్తాయి. అక్కడ నీళ్లు, కూరగాయలు నింపుకుని, చిరిగిన తెరచాప కుట్టించుకుని కరీబియన్ దాకా మరో 2000 మైళ్ల పైచిలుకు వెళ్లాలి. ఈ రెండు ప్రయాణాల నడుమ దొరికే రాత్రుల్లో పడవల వాళ్లు ఒడ్డెక్కి పాట వింటారు.

మోర్నా అంటారు ఆ పాటని. గిటారు, నాలుగు తీగల చిన్న కవకీన్యూ, కుదిరితే వయొలిన్. క్రియోల్ మాటలు, తొందరపడని నడక. 2019లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. భోజనశాలల్లో మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి వండిన కచూపా తింటూ ఉంటే మూలనున్న బృందం వాయిస్తూ ఉంటుంది. విమానంలో దిగినవాడికీ ఇదంతా దొరుకుతుంది, కాదనను. కానీ వారం రోజులు గాలి హోరు, కెరటాల మోత తప్ప మరేమీ ఎరగని చెవిలో ఒక మనిషి గొంతు పడడం వేరు. ఆ విషయంలో పడవ వాళ్లని చూస్తే నాకు అసూయే.

నా పేచీ మరో చోట ఉంది. ఈ పాటని వాళ్లు దీవి గాలిలాగా, ఎండలాగా ఉచితంగా పుట్టినదనుకుంటారు. మిండేలో అలాంటి ఊరు కాదు. వానే సరిగా పడని ఆ దీవిలో పంతొమ్మిదో శతాబ్దం దాకా స్థిరంగా కాపురాలు లేవు. లోతైన రేవు చూసి బ్రిటిష్ కంపెనీలు ఆవిరి ఓడలకోసం బొగ్గు నిలవలు పెట్టాక, పక్క దీవుల జనం కూలికోసం వచ్చి ఊరు కట్టుకున్నారు. ఓడల్లో బొగ్గే కాదు, బాణీలూ దిగాయి. బ్రెజిల్ సంగీతం విన్న చెవితో స్వరకర్త బి.లేజా (1905–1958) మోర్నాలో కొత్త స్వరసంచారాలు కలిపాడు. వచ్చిన ఓడల్లోనే మనుషులు వెళ్లిపోయారు కూడా. కరువులు తరిమితే సావ్ టోమే కోకో తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. లోకమంతటికీ తెలిసిన ‘సొదాద్’ పాట ఆ దారి గురించే. రంగూన్‌కో మారిషస్‌కో ఓడెక్కిన మన కోస్తా పల్లెల కథలు విన్నవాళ్లకు ఈ దుఃఖం విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ పాటని ప్రపంచానికి వినిపించిన సిసారియా ఎవోరా సంగతే చూడండి. 1941లో ఆ ఊళ్లోనే పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోతే కొన్నాళ్లు అనాథాశ్రమంలో పెరిగింది. పదహారేళ్లప్పటినుంచి రేవు తాగుడు కొట్లలో, ఆగిన పోర్చుగీసు ఓడల మీద పాడింది. నావికులు విన్నారు, చప్పట్లు కొట్టారు, మరుసటి పోటుకి లంగరెత్తారు. చేతికి వచ్చింది చిల్లర, ఒక్కోసారి గ్లాసెడు సారా. 1975లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో, ఇల్లు గడవక పాటే మానేసింది, దాదాపు పదేళ్లు. ఆమె తొలి పారిస్ ఆల్బమ్ 1988లో వచ్చింది. అసలు పేరు 1992 నాటి ‘మిస్ పెర్ఫుమాదు’తో వచ్చింది, అప్పటికి ఆమెకు యాభై దాటాయి. 2004లో గ్రామీ. 2011లో పోయాక ఆ దీవి విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు. అన్నేళ్లు ఆ రేవులో విన్న చెవులన్నీ ఏం చేసినట్టు? ఆనందించాయి, అంతే.

కనుక ఇవాళ అక్కడ లంగరు వేసేవారికి నా సలహా కాస్త మోటుగానే ఉంటుంది. పడవ జీవులు పొదుపరులు. మెరీనా అద్దె దండగని బయట లంగరేస్తారు, ఒక్క బీరు చేతపట్టుకుని రాత్రంతా కూర్చుంటారు. అద్దె దగ్గర మిగుల్చుకోండి, పాట దగ్గర వద్దు. భోజనం చేయండి. బృందంవాళ్ల రికార్డులు అమ్మకానికి ఉంటే కొనండి. ‘సొదాద్’ పాడమని కూర్చోగానే అడక్కండి, ఆ బృందానికి అది రోజూ ఉండే బరువే. వాళ్లు ఎంచుకున్నది పాడనివ్వండి. మోర్నా తర్వాత హుషారుగా సాగే కొలదేరా మొదలైనప్పుడు పక్క బల్లవాళ్లు లేచి ఆడితే మీరూ లేవండి. వాళ్లు పాడుతుండగా మీ సముద్రపు సాహసాలు గొంతెత్తి చెప్పుకోకండి. పడవ దిగినవాళ్లలో ఈ జబ్బు మాత్రం ఎక్కువ.

అక్కడి 2000 ఎస్కుడోల నోటు మీద సిసారియా బొమ్మే వేశారు. యూరోలలో పద్దెనిమిది. వాయించినవాళ్ల ముందు అది పెట్టడానికి తటపటాయించే చేతులే మర్నాడు చిరిగిన తెరచాప కుట్టినవాడికి అంతకు ఎన్నో రెట్లు, బేరమాడకుండా, ఇచ్చి వస్తాయి.