పెట్టెలకంటే ముందు సర్దవలసినవి



కిందటి నెల ఆరాధన ముగిసి బయటకు వస్తుండగా ఒక పెద్దావిడ నన్ను ఆపి, "మా కోడలు పైదేశంలో టీచరు పని ముగించుకొని వచ్చేస్తోందమ్మా. ఇంటికి సున్నం వేయించాం. ఇంకా ఏం సిద్ధం చేయాలంటావు?" అని అడిగారు. నేనూ అలా వెళ్ళి వచ్చినదాన్నే గనుక నన్ను అడిగారు. నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. కాని ఇంటికి వచ్చాక, చెప్పవలసిన అసలు సంగతి మిగిలిపోయిందనిపించింది. అది ఈ నెల రాస్తున్నాను.

మాది నర్సీపట్నం. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. 2014 జనవరిలో జీతం లేని సెలవు మీద మాల్దీవులకు వెళ్ళాను. మన పెద్దల కాలంలో పాఠాలు చెప్పడానికి ఇథియోపియా, నైజీరియా, జాంబియా వెళ్ళినవారున్నారు. మాల్దీవులు మనకు అంతకంటే దగ్గర. సముద్రంలో దాదాపు 1,200 చిన్న దీవులు, వాటిలో జనం ఉండేవి 200 లోపే. నేనున్న దీవిని ఈ చివరి నుండి ఆ చివరికి అరగంటలో నడిచేయవచ్చు. అక్కడి భాష దివేహి, దాన్ని కుడి నుండి ఎడమకు రాస్తారు. నేను ఇంగ్లీషులో లెక్కలు చెప్పేదాన్ని.

అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం బడి ఉంటుంది. ఇస్లాం తప్ప వేరే మతారాధన బహిరంగంగా చేయడానికి ఆ దేశ చట్టం ఒప్పుకోదు. అందుచేత ఆదివారం సాయంత్రం గది తలుపు వేసుకొని ఒక్కదాన్నే ప్రార్థించుకొనేదాన్ని. అయినా ఆ ఊరివారు నన్ను పరాయిదానిలా చూడలేదు. రంజాన్ నెలలో పొద్దు గుంకాక ఇరుగుపొరుగు నుండి నాకూ ఒక గిన్నె వచ్చేది.

2014 అక్టోబరు 12, ఆదివారం. నేను బడిలో ఉండగా హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది. మూడు రోజులు ఇంటికి ఫోను కలవలేదు. నాలుగో రోజు మా వారి గొంతు వినబడింది. "అందరం క్షేమం. పైకప్పు కొంచెం పోయింది, అంతే" అన్నారు. ఆ 'కొంచెం' ఎంతో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మా ప్రభుత్వ ఉపాధ్యాయులకు విదేశీ ఉద్యోగానికి ఇచ్చే సెలవు 5 సంవత్సరాలకు మించదు. అది దాటితే ఇక్కడి ఉద్యోగానికే ముప్పు. కాబట్టి 2018 నవంబరులో విద్యా సంవత్సరం ముగియగానే తిరిగి రావాలని నిశ్చయించుకొని ఆగస్టులోనే పనులు మొదలుపెట్టాను. అలాంటి ప్రయాణంలో ఉన్నవారికి పనికొస్తుందని ఆ పనులు చెబుతాను.

మొదటిది కాగితాలు. అక్కడి బడి నుండి అనుభవ ధ్రువపత్రం, జీతం వివరాలు, చేరినప్పుడు ఇచ్చిన అసలు సర్టిఫికెట్లు చేతికి తీసుకోవాలి. దేశం దాటాక ఒక సంతకం కోసం నెలలు పడుతుంది. ఇక్కడి సెలవు ఉత్తర్వులో ఏ తేదీ వరకు అనుమతి ఉందో మరోసారి చదువుకోవాలి. రెండవది డబ్బు. మాల్దీవుల రుఫియాలను మన ఊళ్ళో మార్చడం కష్టం. అక్కడే డాలర్లుగా మార్చుకోవాలి, లేదా బ్యాంకు ద్వారా పంపుకోవాలి. తిరిగి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాక బ్యాంకుకు తెలియజేసి ఎన్నారై ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. చాలామంది ఏళ్ళ తరబడి ఈ సంగతి మరచిపోతారు. మూడవది సామాను. పగడాలు, తాబేటి చిప్పలు తెమ్మని ఎవరైనా అడిగినా తేకూడదు, అక్కడి కస్టమ్స్‌వారు పట్టుకుంటారు. నాలుగవది మనం చెప్పిన పిల్లలు. మన తరువాత వచ్చే టీచరు కోసం, ఎవరు ఏ లెక్క దగ్గర ఆగారో ఒక పుస్తకంలో రాసి ఇచ్చి రావడం మంచిది.

ఇవన్నీ చేస్తూ ఒక సాయంత్రం బాబుకు ఫోను చేశాను. నేను వెళ్ళేటప్పటికి వాడికి ఆరేళ్ళు. ఏం తెమ్మంటావురా అని అడిగితే వాడు, "అమ్మా, ఈసారి ఎన్ని రోజులుంటావు?" అన్నాడు.

వాడికి నేను సెలవులకు వచ్చిపోయే మనిషిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెట్టెలు సర్దుతున్నాను గాని మనసు సర్దుకోలేదని తెలిసింది. ఎందుకంటే ఇంట్లో నేను ఒక అబద్ధం చెప్పాను. 2016 లోనే నా ఒప్పందం ముగిసింది. "ఇక్కడివాళ్ళు వదలడం లేదు" అని ఫోనులో చెప్పి మళ్ళీ సంతకం పెట్టాను. నన్నెవరూ ఆపలేదు. నెలనెలా వచ్చే ఆ జీతం, నన్ను చూస్తే లేచి నిలబడే ఆ పిల్లలు, ఎవరి మాటా పడనక్కరలేని ఆ చిన్న గది, వీటికి అలవాటుపడ్డాను. తరువాతి మార్చిలో పాప పదో తరగతి పరీక్షలు రాసింది. సెంటరు దగ్గరకు దానితో మా అత్తయ్యగారు వెళ్ళారు.

ఆదికాండములో యాకోబు ప్రయాణం మీకు తెలుసు. ఇరవై ఏళ్ళు మామ ఇంట పనిచేసి తిరిగి వస్తూ, తాను మోసగించిన అన్నకు ఎదురుపడాలంటే భయపడి మేకలను, గొర్రెలను, ఒంటెలను కానుకగా ముందు పంపాడు. ఏశావు మాత్రం ఆ మందల కోసం చూడలేదు. పరుగెత్తి వచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. మనమూ అంతే. ఎదుట పెట్టలేని మాట ఉన్నప్పుడే సామాను ఎక్కువగా కొంటాం. నా రెండు పెట్టెల్లో సెంట్లు, చాక్లెట్లు, బట్టలు నిండి ఉన్నాయి. పాపకు చెప్పవలసిన మాట ఒక్కటీ లేదు.

బయలుదేరడానికి రెండు వారాల ముందు ఫోనులోనే మా వారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేనూ ఒకటి చెప్పాలి" అన్నారు. తుపానులో పోయింది కొంచెం కాదు, సగం పైకప్పు. నేను దిగులుపడతానని వడ్డీకి తెచ్చి కప్పించారు. నాలుగేళ్ళుగా నేను పంపిన డబ్బులో కొంత దానికే పోతోంది. ఆ రోజు ఇద్దరం కాగితం తీసుకొని, చెరొకవైపు నుండి లెక్క వేసుకున్నాం. పొదుపు అనుకున్నదానిలో సగమే తేలింది. కాని ఆ సగం నిజమైన సొమ్ము. పాపకు కూడా చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నవంబరు చివర నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో దిగాను. మా వారు, బాబు వచ్చారు. పాప రాలేదు. ఇంటికి చేరాక మజ్జిగ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. మా మధ్య మామూలు మాటలు రావడానికి ఏడాది పట్టింది. ముందుగా చెప్పకపోయి ఉంటే ఆ మజ్జిగ కూడా దొరికేది కాదేమో.

అందుచేత ఆ పెద్దావిడకు ఇప్పుడు జవాబు చెబుతున్నాను. అమ్మా, సున్నం వేయించారు, సంతోషం. కోడలు రాకముందే ఇంటి అప్పులు, ఖర్చులు ఉన్నవి ఉన్నట్టు ఆమెకు చెప్పండి. ఆమె చెప్పేదీ కోపపడకుండా వినండి. వచ్చిన వారమే "ఎంత తెచ్చావు" అని అడగకండి, చుట్టాలనూ అడగనివ్వకండి. ఇన్నేళ్ళు వంటిల్లు నడిపింది మీరు, పిల్లలను పెంచింది మీరు. ఆ పనుల్లో ఆమెకు కొంచెం కొంచెంగా చోటివ్వండి. సంఘంవారికి కూడా ఒక మాట. వచ్చిన మొదటి ఆదివారమే సాక్ష్యం చెప్పమని ముందుకు పిలవకండి. కొన్నాళ్ళు మన మధ్య కూర్చోనివ్వండి.

మన స్టేషను సంగతి మీకు తెలియనిదేముంది! బోర్డు మీద నర్సీపట్నం అని ఉంటుంది, ఊరు మాత్రం అక్కడ ఉండదు. రైలు దిగినవారు మళ్ళీ బస్సెక్కవలసిందే. పైదేశం నుండి వచ్చినవారికి ఇల్లు కూడా అలాగే ఉంటుంది. ఆ మిగిలిన దారి వారిచేత ఒంటరిగా నడిపించకండి.